సీటు వచ్చాక ఏం జరుగుతుంది? ప్రీస్కూల్ విస్తరణలో అసలు చిక్కు

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో పేద కుటుంబాల నాలుగేళ్ల పిల్లల కోసం ప్రభుత్వమే ఉచితంగా ప్రీస్కూల్ నడుపుతోంది. చాలా బడుల్లో సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువ రావడంతో లాటరీ తీశారు. ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల్లో కొందరికి సీటు వచ్చింది, కొందరికి రాలేదు. వాళ్ల మధ్య తేడా అదృష్టం ఒక్కటే. పరిశోధకులకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. 2009, 2010లలో దరఖాస్తు చేసిన 2,990 మంది పిల్లలను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ బృందం ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ప్రీస్కూల్ ముగిసేసరికి సీటు వచ్చినవాళ్లే ముందున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి లెక్క తారుమారైంది. 2022లో వెలువడిన ఆరో తరగతి ఫలితాల్లో వాళ్ల మార్కులు సీటు రానివాళ్లకన్నా తక్కువగా, బడిలో క్రమశిక్షణ ఫిర్యాదులు ఎక్కువగా తేలాయి.

బోస్టన్ నగరంలోనూ లాటరీ పద్ధతే. 1997 నుంచి 2003 మధ్య అక్కడి ప్రభుత్వ ప్రీస్కూళ్లకు దరఖాస్తు చేసిన నాలుగు వేల మందికి పైగా పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఏమయ్యారో 2021లో ఆర్థికవేత్తలు లెక్క తీశారు. బడి రోజుల్లో రాసిన పరీక్షల మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ ప్రీస్కూల్‌కు వెళ్లినవాళ్లలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్లు 6 శాతం పాయింట్లు ఎక్కువ. హైస్కూల్ అవగానే కాలేజీలో చేరినవాళ్లు 8 శాతం పాయింట్లు ఎక్కువ. చిన్న వయసులోనే నేరం చేసి నిర్బంధంలోకి వెళ్లినవాళ్లు తక్కువ.

రెండూ ప్రభుత్వ డబ్బుతో నడిచినవే. రెండు చోట్లా వెళ్లింది నాలుగేళ్ల పిల్లలే. టెనెసీలో ప్రమాణాలు లేవని అనడానికీ లేదు. తరగతికి 20 మందికి మించకూడదు, టీచరుకు లైసెన్సు ఉండాలి, తోడుగా అసిస్టెంట్ ఉండాలి, రోజుకు కనీసం ఐదున్నర గంటలు బోధన సాగాలి. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నాయి, చాలావరకు అమలయ్యాయి కూడా. అయినా ఫలితం అడ్డం తిరిగింది. ప్రీస్కూల్ విస్తరణ గురించి మాట్లాడే ఏ ప్రభుత్వమైనా మొదట తేల్చుకోవాల్సిన చిక్కు ఇదే. సీట్లు పెంచడం ఎలాగో ప్రభుత్వాలకు తెలుసు. ఆ సీట్లో కూర్చున్న పిల్లకు ఆ గంటలు ఎలా గడుస్తాయన్నది సీట్లు పెంచే ఉత్తర్వులో ఉండదు, బడ్జెట్ పద్దులో ఉండదు, తనిఖీ ఫారంలో అంతకన్నా ఉండదు.

ఊరించే అంకె

ప్రీస్కూల్ మీద పెట్టిన డబ్బు ఏటా 7 నుంచి 10 శాతం రాబడి ఇస్తుందని దేశదేశాల విధాన పత్రాల్లో కనిపిస్తుంది. నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు వేసిన అంచనా అది. అంచనాలో తప్పు లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోవడంలోనే తప్పుంది. 1962లో మిషిగన్ రాష్ట్రంలోని యిప్సిలాంటిలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం దానికి ఆధారం. మొత్తం పిల్లలు 123 మంది. వాళ్లలో ప్రీస్కూల్‌కు వెళ్లింది 58 మంది. ఐదారుగురు పిల్లలకు ఒక టీచరు. పొద్దున రెండున్నర గంటల తరగతి, వారానికోసారి టీచరే ఇంటికి వెళ్లి తల్లితో కలిసి పిల్లతో గడపడం. ఆ పిల్లలను పెద్దయ్యేదాకా వదలకుండా గమనించారు. ఐక్యూలో మొదట వచ్చిన పెరుగుదల కొన్నేళ్లకే కరిగిపోయినా, నలభై ఏళ్ల వయసు నాటికి సంపాదనలో, నేరాల లెక్కలో తేడా స్పష్టంగా నిలిచింది.

ఆ స్థాయిలో ఖర్చు పెట్టి ఒక రాష్ట్రమంతటా నడిపినవాళ్లు దాదాపు లేరు. ఐదారుగురికి ఒకరు చొప్పున నడిపిన బడి ఫలితాన్ని చూపించి, ముప్పై మందికి ఒకరు చొప్పున పెట్టే బడికి నిధులు అడగడం రివాజైపోయింది. ఇది అబద్ధం కాదుగానీ, నిజం కూడా కాదు.

అంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటుంది. 1960లలో పెర్రీకి వెళ్లని పిల్లలు ఇంటి దగ్గరే ఉన్నారు. ఇప్పుడు చాలా చోట్ల ఉచిత సీటు రాని పిల్ల ఏదో ఒక ప్రైవేటు ప్రీస్కూల్లోనో, బాలసంరక్షణ కేంద్రంలోనో, చదువుకున్న అమ్మమ్మ దగ్గరో ఉంటోంది. అమెరికాలో పేద పిల్లల ప్రీస్కూల్ కోసం 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ పథకం మీద జరిగిన పెద్ద అధ్యయనంలో మొదటి ఏడాది కనిపించిన లాభం ప్రాథమిక తరగతులకు వచ్చేసరికి చాలావరకు మాయమైంది. దాంతో పథకం విఫలమైందని వార్తలు వచ్చాయి. తర్వాత ఆర్థికవేత్తలు పాట్రిక్ క్లైన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అవే వివరాలను తిరగేసి చూస్తే, పోల్చడానికి పెట్టుకున్న గుంపులో దాదాపు మూడో వంతు పిల్లలు వేరే ప్రీస్కూళ్లకు వెళ్తున్నట్టు తేలింది. వాటిలో చాలా వాటికి ఖర్చు పెట్టేదీ ప్రభుత్వమే. అంటే కొంతవరకు ఒక ప్రీస్కూల్‌ను మరో ప్రీస్కూల్‌తో పోల్చి, ప్రీస్కూల్ పనికిరాదని తేల్చారన్నమాట.

దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ ఆఫ్రికాలోని మొజాంబిక్. గాజా రాష్ట్రంలోని పల్లెల్లో ఊరివాళ్లే కట్టుకున్న చిన్న ప్రీస్కూళ్లకు వెళ్లిన పిల్లలు తర్వాత ప్రాథమిక బడిలో చేరే అవకాశం, వెళ్లనివాళ్లతో పోలిస్తే 24 శాతం పెరిగింది. ఇంట్లో చిన్నదాన్ని చూసుకునే పని తప్పడంతో పెద్ద పిల్లలు కూడా బడికి వెళ్లడం పెరిగింది. అక్కడ ప్రీస్కూల్ లేకపోతే వేరే దారేమీ లేదు. అందుకే ఓ మోస్తరు ప్రీస్కూల్ కూడా పెద్ద తేడా తెచ్చింది. ఒక దేశంలో ప్రీస్కూల్ పనిచేసిందా అన్న ప్రశ్నకు ముందు, అది లేకపోతే ఆ పిల్లలు ఎక్కడ ఉండేవాళ్లన్న ప్రశ్నకు జవాబు కావాలి. చాలా విధాన చర్చలు ఈ మెట్టును దాటేసి నేరుగా బడ్జెట్ దగ్గరికి వెళ్లిపోతాయి.

కుళాయి దగ్గర ఇరవై నిమిషాలు

ఇరవై మంది పిల్లలున్న తరగతిని ఊహించుకుందాం. భోజనానికి ముందు చేతులు కడుక్కోవాలి. కుళాయి ఒకటే. ఒక్కో పిల్లకు ఒక్క నిమిషం పట్టినా మొత్తం ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ మిగతా పంతొమ్మిది మంది వరుసలో నిలబడి, కదలకుండా, మాట్లాడకుండా ఉండాలి. నాలుగేళ్ల వయసులో అది అయ్యే పని కాదు కాబట్టి టీచరు ఆ సమయమంతా "వరుసలో ఉండు", "తోయొద్దు", "నోరు మూసుకో" అంటూ గడుపుతుంది. వచ్చినప్పుడు సంచులు తగిలించడం, బయటికి వెళ్లేటప్పుడు వరుస, వచ్చాక మళ్లీ వరుస, పడుకునే ముందు చాపలు, లేచాక చాపలు, ఇలా రోజులో నాలుగైదు సార్లు జరిగితే గంటన్నర పోతుంది. ఆ గంటన్నరలో పిల్ల నేర్చుకున్నదల్లా ఎదురుచూడటం, తిట్లు తినడం.

ఇదే సమయంలో పక్క తరగతిలో ఒక టీచరు నలుగురిని కుళాయి దగ్గరికి పంపి, మిగతావాళ్లతో చాప మీద కూర్చుని ఒక పాట అందుకుంటుంది. పాటలో ఒక్కో పేరు వచ్చినప్పుడు ఆ పిల్ల లేచి వెళ్తుంది. చెక్క దిమ్మెలతో మేడ కడుతున్న పిల్లాడి దగ్గర ఆగి, "ఇది ఎందుకు పడిపోతోంది?" అని అడిగి, వాడు జవాబు వెతుక్కునేదాకా ఆగుతుంది. వాడు "కింద చిన్నది పెట్టా" అంటే, "అయితే కింద ఏది పెడదాం?" అంటుంది. బరువు, పెద్ద, చిన్న, మీద, కింద లాంటి మాటలన్నీ ఆ రెండు నిమిషాల్లో వచ్చిపోయాయి. బోర్డు మీద రాసి ఇరవై మందితో ఒకేసారి వల్లె వేయిస్తే ఇంత రాదు.

ఈ రెండు గదులకూ అధికారిక రికార్డుల్లో తేడా ఉండదు. ఇద్దరు టీచర్లకూ డిగ్రీ ఉంది, గది కొలతలు సరిపోయాయి, పిల్లల సంఖ్య పరిమితికి లోబడే ఉంది. పరిశోధకులు ఈ తేడాను కొలవడానికి ప్రత్యేక సాధనాలే తయారు చేసుకున్నారు. వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్న క్లాస్ అనే పరిశీలన పద్ధతి మూడు విషయాలు చూస్తుంది: పిల్లలతో ఆప్యాయత, గదిని నడిపే తీరు, ఆలోచన రేకెత్తించే మాటలు. ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేస్తారు. ఎక్కడ కొలిచినా తరచూ కనిపించేది ఒకటే: మొదటి రెండింట్లో ఓ మాదిరి మార్కులు, మూడో దాంట్లో బాగా తక్కువ. టీచర్లు పిల్లలను బాగానే చూసుకుంటున్నారు, వాళ్లతో మాట్లాడటమే తక్కువ.

ఇల్లలకగానే పండగ కాదు

కంటికి కనిపించే మెరుగుదల మీద ఖర్చు పెట్టడం ప్రభుత్వాలకు సులువు. ప్రారంభోత్సవం చేయవచ్చు, ఫొటో దిగవచ్చు. కొలంబియా అనుభవం ఇక్కడ చెప్పుకోదగ్గది. అక్కడ పేద పిల్లలను పొరుగింటి ఆవిడ తన ఇంట్లోనే చూసుకునే పథకం ఎప్పటి నుంచో ఉంది. ఆ పిల్లలను మంచి భవనాలు, చదువుకున్న సిబ్బంది ఉన్న పెద్ద కేంద్రాలకు మార్చారు. ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. పోషణ కొంత మెరుగైంది. కానీ పిల్లల మానసిక ఎదుగుదల మెరుగుపడకపోగా, కొన్ని కొలతల్లో వెనకడుగు కనిపించింది. కట్టడాలు ఎప్పుడూ వృథా అని దీని అర్థం కాదు. అర్జెంటీనా 1990లలో ప్రాథమిక బడుల ఆవరణల్లోనే ప్రీస్కూల్ గదులు కట్టింది. ఒక ఏడాది ప్రీస్కూల్‌కు వెళ్లిన పిల్లల మూడో తరగతి మార్కులు సగటు మీద 8 శాతం పెరిగాయి. తేడా ఏమిటంటే, అర్జెంటీనాలో గదులతో పాటు అప్పటికే నడుస్తున్న ఒక బడి వ్యవస్థ కూడా ఆ పిల్లలకు అందింది.

అదనంగా మనిషిని పెడితే? ఇక్కడ రెండు అధ్యయనాలు పక్కపక్కన పెట్టి చదవాలి. తమిళనాడులో 640 అంగన్‌వాడీ కేంద్రాలు తీసుకుని, వాటిలో సగం చోట్ల ప్రీస్కూల్ బోధన కోసమే సగం పూట పనిచేసే మరో కార్యకర్తను పెట్టారు. బోధన సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తర్వాత పిల్లలు భాషలోనూ లెక్కల్లోనూ గణనీయంగా ముందున్నారు. పాత కార్యకర్తకు పోషణ, ఆరోగ్యం పనులకు తీరిక దొరకడంతో ఎదుగుదల లోపాలు కూడా తగ్గాయి. కొత్తగా వచ్చినవాళ్లకు పెద్ద డిగ్రీలేమీ లేవు.

కొలంబియాలోనే మరో పథకం కింద పట్టణ ప్రీస్కూళ్లకు అసిస్టెంట్లను పెట్టుకోవడానికి అదనపు నిధులిచ్చారు. ఫలితం శూన్యం. కారణం వెతికితే, అసిస్టెంట్ రాగానే టీచర్లు కొంత పనిని వాళ్లకు వదిలేసి తాము పక్కకు తప్పుకున్నారని తేలింది. అదే కేంద్రాల్లో కొన్నింట్లో అసిస్టెంట్లతో పాటు పాత టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు. దాని ఖర్చు పిల్లకు కొద్ది డాలర్లే. అక్కడ పిల్లలు మెరుగుపడ్డారు, పేదింటి పిల్లలు ఇంకా ఎక్కువ.

రెండు చోట్లా పెంచింది సిబ్బందినే. తమిళనాడులో వచ్చిన మనిషికి ఒకే పని అప్పగించారు: పిల్లలతో కూర్చోవడం. అంతకుముందు ఆ పని ఎవరిదీ కాదు, ఎందుకంటే ఉన్న ఒక్క కార్యకర్త మీద వండటం, తూకం వేయడం, రిజిస్టర్లు రాయడం అన్నీ ఉన్నాయి. కొలంబియాలో ఆ పని చేసే టీచరు ముందే ఉంది. కొత్త మనిషి ఆమెకు తోడు కావాల్సింది పోయి బదులైంది. "టీచరుకు ఎంతమంది పిల్లలు" అన్న నిష్పత్తి రెండు చోట్లా ఒకేలా మెరుగైనట్టే కనిపిస్తుంది. ఆ అంకెను నమ్ముకుని విధానం రాస్తే ఎంత తేడా కొడుతుందో ఈ రెండిటినీ చూస్తే అర్థమవుతుంది.

శిక్షణ అంటే మూడు రోజుల వర్క్‌షాపు, భోజనం, సర్టిఫికెట్ అనుకుంటే అందులోంచి ఏమీ రాదు. పనిచేసిన చోటల్లా కనిపించేది రెండు: ఏ రోజు ఏం చేయాలో చెప్పే స్పష్టమైన పాఠ ప్రణాళిక, దాన్ని తరగతిలో అమలు చేస్తున్నప్పుడు వచ్చి కూర్చుని, చూసి, తర్వాత టీచరుతో మాట్లాడే కోచ్. అలాగని ఆ రెండూ ఉంటే చాలనీ చెప్పలేం. చిలీలో ఇలాంటి కార్యక్రమం తరగతి గదిని మార్చింది గానీ పిల్లల భాషా సామర్థ్యంలో తేడా చూపలేకపోయింది.

ఘనా అనుభవంలో అనుకోని మలుపు ఒకటుంది. 2007 నుంచి ఆ దేశంలో రెండేళ్ల ప్రీస్కూల్ ఉచిత నిర్బంధ విద్యలో భాగం. పిల్లలు పెద్ద సంఖ్యలో చేరారు, తరగతుల్లో మాత్రం వల్లెవేతే సాగింది. గ్రేటర్ అక్రా ప్రాంతంలోని 240 బడుల్లో జరిగిన ప్రయోగంలో, ఎనిమిది రోజుల శిక్షణతో పాటు ఏడాదంతా కోచింగ్ ఇచ్చిన చోట పిల్లల సామర్థ్యాలు పెరిగాయి. మరికొన్ని బడుల్లో దీనికి తోడు తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఆటల ద్వారా నేర్చుకోవడం గురించి వీడియోలు చూపించి చర్చ పెట్టారు. రెండూ కలిస్తే లాభం ఇంకా పెరగాలి. పెరగలేదు సరికదా, శిక్షణ వల్ల వచ్చిన లాభం కూడా పోయింది. కోప్పడేవాడే మంచి టీచరు, పలక నిండా రాయించేదే మంచి బడి అనుకునే తల్లిదండ్రులకు తరగతిలో ఆటలు నడుస్తున్నాయని తెలిస్తే వాళ్లు ఎటు మొగ్గుతారో చెప్పలేం. తల్లిదండ్రుల భాగస్వామ్యం అనేది ప్రతి విధాన పత్రంలోనూ ఒక తప్పనిసరి పేరా. అది ఎటు లాగుతుందో పరీక్షించి చూసినవాళ్లు తక్కువ.

జీతాల సంగతి

మంచి టీచరు దొరకాలంటే జీతం ఉండాలి. ఇందులో వింతేమీ లేదు, కానీ ప్రీస్కూల్ వ్యవస్థలు ఎక్కువ చోట్ల దీన్ని కాదన్నట్టే నడుస్తాయి. ఖర్చులో సింహభాగం జీతాలే కాబట్టి పొదుపు చేయాలనుకుంటే కోత పడేదీ అక్కడే. న్యూయార్క్ నగరం 2014లో నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత ప్రీస్కూల్ ప్రకటించి, ఒక్క ఏడాదిలో సుమారు 20,000 సీట్లను 50,000 దాటించింది. ఇంత వేగం సాధ్యం కావడానికి కారణం, సీట్లలో పెద్ద భాగాన్ని అప్పటికే నడుస్తున్న సామాజిక సంస్థల కేంద్రాలకు అప్పగించడం. ఒకే చదువు, ఒకే లైసెన్సు, ఒకే పని. కానీ ప్రభుత్వ బడిలో చేస్తే ఒక జీతం, కేంద్రంలో చేస్తే దానికన్నా బాగా తక్కువ. ఊహించినట్టే జరిగింది. కేంద్రాల్లో పని నేర్చుకుని నిలదొక్కుకున్న టీచర్లు ప్రభుత్వ బడులకు వెళ్లిపోవడం మొదలైంది. 2019లో సమ్మె దాకా వచ్చాక గానీ లైసెన్సున్న టీచర్ల జీతాల్లో తేడా తగ్గించే ఒప్పందం కుదరలేదు. అసిస్టెంట్ల సంగతి అప్పటికీ అలాగే ఉండిపోయింది.

దగ్గర్లోనే ఉన్న న్యూజెర్సీ వేరే దారి పట్టింది. 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు పేద జిల్లాల్లోని మూడు, నాలుగేళ్ల పిల్లలకు మంచి ప్రీస్కూల్ ఇవ్వాలని ఆదేశించింది. తర్వాతి తీర్పులో ప్రమాణాలు కూడా తేల్చింది. తరగతికి 15 మందికి మించకూడదు. ప్రతి టీచరుకూ డిగ్రీ, చిన్నపిల్లల బోధనలో ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలి. న్యూయార్క్‌లో లాగే ఇక్కడా ఎక్కువ సీట్లు ప్రైవేటు, సామాజిక కేంద్రాల్లోనే. కానీ అప్పటికే పనిచేస్తున్న టీచర్లను తీసేయకుండా, చదువుకోవడానికి నాలుగేళ్ల గడువు, ఫీజులకు సాయం ఇచ్చారు. అర్హత సాధించిన వాళ్లకు ప్రభుత్వ బడి టీచరుతో సమాన జీతం వచ్చేలా నిధులు కేటాయించారు. ఆ దశాబ్దంలో తరగతి గదుల నాణ్యత కొలతలు ఏటేటా పైకి వెళ్లాయి, పిల్లల లాభాలు పెద్ద తరగతుల దాకా నిలిచాయి. డిగ్రీ ఒక్కటే నాణ్యత తేదని పరిశోధనలు చెబుతున్నాయి, అది నిజమే. న్యూజెర్సీలో డిగ్రీ ఒంటరిగా రాలేదు: జీతం, చిన్న తరగతి, కోచ్, గడువు అన్నీ కలిసి వచ్చాయి. అన్నిటికన్నా, వెనక్కి తగ్గనివ్వని కోర్టు ఉంది.

కోర్టు లేని చోట తొందర గెలుస్తుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1997లో రోజుకు 5 డాలర్లకే పిల్లల సంరక్షణ మొదలుపెట్టి మూడేళ్లలో అన్ని వయసులకూ విస్తరించింది. ఇద్దరు తల్లిదండ్రులూ ఉన్న కుటుంబాల్లో ఉద్యోగం చేసే తల్లుల వాటా దాదాపు 8 శాతం పాయింట్లు పెరిగింది. ఇది చిన్న విజయం కాదు, ప్రీస్కూల్ చర్చల్లో దీన్ని పక్కకు నెట్టేయడం సరికాదు. కానీ పిల్లల్లో ఆందోళన, దూకుడు పెరిగినట్టు పరిశోధనల్లో తేలింది. మంచి పేరున్న లాభాపేక్ష లేని కేంద్రాల్లో సీట్లు చాలక, డిమాండును అందుకోవడానికి నాణ్యత తక్కువున్న కేంద్రాలు పుట్టుకొచ్చాయి. మంచి కేంద్రాల వెయిటింగ్ లిస్టులో ముందే పేరు రాయించుకున్నది ఎవరు? ఏ కేంద్రం మంచిదో, ఎప్పుడు దరఖాస్తు చేయాలో తెలిసిన కుటుంబాలు. ధర ఒకటే అయినా పేదింటి పిల్లలకు మిగిలింది రెండో రకం.

అందరికా, కొందరికా

డబ్బు తక్కువున్నప్పుడు పేదలకే పరిమితం చేయాలన్నది వినడానికి న్యాయంగా ఉంటుంది. దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే. పేదలకు మాత్రమే ఉన్న బడి గురించి పలుకుబడి ఉన్న తల్లిదండ్రులెవరూ అడగరు. అమెరికాలో అందరికీ తెరిచిన ప్రీస్కూళ్లలో పేద పిల్లలు పొందిన లాభం, పేదలకే పెట్టిన ప్రీస్కూళ్లలో పొందిన దానికన్నా ఎక్కువని ఆర్థికవేత్త ఎలిజబెత్ కాసియో చూపించారు. 1975 బాలసంరక్షణ చట్టం తర్వాత నార్వేలో వచ్చిన విస్తరణలోనూ చదువు, సంపాదన విషయంలో ఎక్కువ బాగుపడింది తక్కువ ఆదాయమున్న ఇళ్ల పిల్లలే.

అయితే అందరికీ తలుపు తెరిస్తే ముందుగా లోపలికి వచ్చేది ఎవరన్నది అసలు సమస్య. 1990లలో జర్మనీ మూడేళ్లు నిండిన ప్రతి పిల్లకూ సీటు హక్కుగా ఇచ్చింది. అక్కడి అధ్యయనం ఒకటి తేల్చిన విషయం విచిత్రంగా ఉంటుంది: ప్రీస్కూల్ వల్ల ఎక్కువ లాభపడేది వలస కుటుంబాల పిల్లలు, త్వరగా చేరడానికి వెనకాడుతున్నదీ వాళ్లే. ఇంగ్లండ్ 2017లో ఉచిత గంటలను వారానికి 15 నుంచి 30కి పెంచింది, కానీ తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగం చేస్తేనే. పని దొరకని ఇంటి పిల్లకు 15 గంటలే. ఇది ఉద్యోగుల సౌకర్యం కోసం పెట్టిన పథకం అని ఒప్పుకుంటే బాగుండేది. పిల్లల వికాసం పేరుతో పెట్టి, వెనకబడిన పిల్లకు సగం ఇవ్వడం ఏ లెక్కనో అర్థం కాదు. దానికి తోడు ప్రభుత్వం చెల్లించే రేటు ఖర్చుకు చాలదని కేంద్రాలు భోజనానికీ, డైపర్లకూ విడిగా వసూలు చేయడం మొదలుపెట్టాయి.

ఫ్రాన్స్ పద్ధతి వేరు. అక్కడ ప్రీస్కూల్ విద్యా శాఖలోనే ఉంది, టీచర్లది ప్రాథమిక బడి టీచర్ల కేడరే. 2019లో నిర్బంధ విద్య వయసును ఆరు నుంచి మూడుకు తగ్గించేనాటికే మూడేళ్ల పిల్లల్లో దాదాపు అందరూ బడికి వస్తున్నారు. చట్టం వచ్చాక కొత్తగా చేరినవాళ్లు కొద్దిమందే. జనం ముందే నమ్మిన బడి కాబట్టి నిర్బంధం లాంఛనమైంది. తరగతులు పెద్దవన్న విమర్శ మాత్రం ఇప్పటికీ ఉంది.

పేద దేశాల పరిస్థితికి ఈ చర్చ చాలా దూరం. యునిసెఫ్ 2019 లెక్క ప్రకారం ప్రపంచంలో 17.5 కోట్ల మంది ప్రీస్కూల్ వయసు పిల్లలు ఏ ప్రీస్కూల్లోనూ లేరు. అల్పాదాయ దేశాల్లో ఐదుగురిలో ఒక్కరే చేరుతున్నారు. విద్యా బడ్జెట్‌లో కనీసం 10 శాతం ప్రీస్కూల్‌కు కేటాయించాలని 2022లో యునెస్కో సదస్సులో వెలువడిన తాష్కెంట్ ప్రకటనలో దేశాలు ఒప్పుకున్నాయి. చాలా దేశాల్లో అది 10కి దరిదాపుల్లో లేదు. అలాంటి చోట మూడేళ్ల ప్రీస్కూల్‌ను ఒకేసారి ప్రకటించడం కన్నా, ఒకటో తరగతికి ముందున్న ఒక్క ఏడాదిని అందరికీ సరిగ్గా అందించి, ఆ తర్వాత కింది వయసులకు వెళ్లడమే తెలివైన పని. మెక్సికో 2002లో రాజ్యాంగం సవరించి మూడేళ్ల ప్రీస్కూల్‌ను నిర్బంధం చేసినప్పుడు పెద్ద పిల్లలతో మొదలుపెట్టి దశలవారీగానే వెళ్లింది. అయినా మూడేళ్ల పిల్లల దగ్గర గడువు అందుకోలేకపోయింది.

ఒకటో తరగతి ఏం చేస్తోంది?

ప్రీస్కూల్ లాభం మూడో తరగతికల్లా కరిగిపోతే నింద ప్రీస్కూల్ మీదే పడుతుంది. ఒకటో తరగతిని ఎవరూ నిలదీయరు. అమెరికాలో ఐదేళ్ల పిల్లల కిండర్‌గార్టెన్ తరగతుల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, టీచర్లు లెక్కల సమయంలో ఎక్కువ భాగం అంకెలు లెక్కపెట్టడం, ఆకారాలు గుర్తుపట్టడం మీదే గడుపుతున్నట్టు తేలింది. ఆ పిల్లల్లో ఎక్కువమందికి అవి బడికి వచ్చేనాటికే వచ్చు. వచ్చినదాన్నే మళ్లీ నేర్పితే ముందున్నవాళ్లు అక్కడే ఆగుతారు, వెనకున్నవాళ్లు వచ్చి కలుస్తారు. తేడా మాయమైందని అప్పుడు పరిశోధన పత్రం రాస్తారు.

దీనికి ఉల్టా తప్పు కూడా జరుగుతోంది. ఒకటో తరగతి సిలబస్‌ను కిందికి దించి నాలుగేళ్ల పిల్లలతో రాయించడం. పెన్సిల్ సరిగా పట్టుకునే బలం వేళ్లకు రాకముందే పేజీలు నింపించడం. ప్రైవేటు బడుల్లో ఇది పోటీ, ప్రభుత్వ బడుల్లో ఆ పోటీని చూసిన తల్లిదండ్రుల ఒత్తిడి.

రెండు తప్పులకూ మూలం పరిపాలనలో ఉంది. చాలా దేశాల్లో ప్రీస్కూల్ స్త్రీ శిశు సంక్షేమ శాఖ కిందో, సామాజిక భద్రత శాఖ కిందో ఉంటుంది. ఒకటో తరగతి విద్యా శాఖది. రెండు శాఖలకు వేర్వేరు సిలబస్, వేర్వేరు తనిఖీ అధికారులు, వేర్వేరు శిక్షణ క్యాలెండర్లు. ప్రీస్కూల్ టీచరు ఏడాది పాటు గమనించిన విషయాలు, అంటే ఎవరు కథ మొత్తం తిరిగి చెప్పగలరు, ఎవరు పది దాకా వస్తువులు లెక్కపెడతారు, ఎవరు గొడవ వస్తే మాటతో సర్దుకుంటారు అన్నవి ఒకటో తరగతి టీచరుకు చేరే దారే లేదు. ఆ దారి వేయడానికి కొత్త భవనం అక్కర్లేదు. పిల్లకు ఒక పేజీ చొప్పున రాసిచ్చే పద్ధతి, కొత్త తరగతి మొదలయ్యే ముందు ఇద్దరు టీచర్లూ ఒక పూట కలిసి కూర్చునే వీలు, ఆ పూటకు ఇద్దరికీ డ్యూటీ కింద జీతం ఉంటే చాలు. ఎనభై కొత్త కేంద్రాలు తెరిచామని చెప్పుకునే శాఖలు ఈ ఒక్క పూటకు ఉత్తర్వు ఇవ్వాలంటే మాత్రం ఫైలు రెండు శాఖల మధ్య తిరుగుతూనే ఉంటుంది.